మీ డై ఎంత మెరుస్తోంది? ముందు దేంతో పోల్చారో చెప్పండి

ఈ నెల శీర్షిక మొత్తం ఫ్లోరోసెంట్ డైలకే ఇచ్చేశాం. ఉత్తరాలు చూస్తే ఎక్కువమందిది ఒకటే తిప్పలు. వెలుగు కొలిచే మెషిన్‌లో (ఫ్లోరిమీటర్) ఒక అంకె వచ్చింది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు. ఈ సబ్జెక్టు కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. కొన్ని పదార్థాలు ఒక రంగు వెలుతురు పీల్చుకుని, క్షణంలో లక్షో వంతు కూడా గడవకముందే, ఇంకాస్త ఎక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న మరో రంగు వెలుతురు విడిచిపెడతాయి. పాఠ్యపుస్తకాల్లో ప్రతిదీప్తి అన్నది ఇదే. ఫ్లోరెసెన్స్ అన్న పేరు పెట్టింది జార్జ్ స్టోక్స్, 1852లో.

ప్రశ్న: సార్, నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది. ప్రాజెక్టు కోసం ఫ్లోరిసిన్ ద్రావణం కొలిస్తే మా కాలేజీ ఫ్లోరిమీటర్‌లో 412 వచ్చింది. అదే సీసా యూనివర్సిటీకి తీసుకెళ్తే అక్కడి మెషిన్ 38 లక్షలు చూపించింది. థీసిస్‌లో ఏది రాయాలి? వైవాలో అడిగితే ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. (కాకినాడ)

జవాబు: మెషిన్లు రెండూ బాగానే ఉండి ఉంటాయి. కానీ ఆ రెండు అంకెల్లో ఏదీ మీ డై ప్రకాశం కాదు. అంకె పక్కన ఏ.యూ. అని ఉంటుంది చూడండి, ఆర్బిట్రరీ యూనిట్స్ అని. అంటే ఆ అంకె ఆ మెషిన్‌కి, ఆ రోజుకి, ఆ సెట్టింగ్‌కి మాత్రమే చెందుతుంది. కొన్ని మెషిన్లు డిటెక్టర్ నుంచి వచ్చే కరెంటుని కొలిచి సున్నా నుంచి వెయ్యి దాకా స్కేలు మీద చూపిస్తాయి. కొన్ని ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి సెకనుకి ఎన్ని అని చెబుతాయి. ఇక స్లిట్ సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు: ఒక్క రంగునే వేరుచేసి పంపే మోనోక్రోమేటర్ స్లిట్ (వెలుతురు దూరే సందు) 5 నానోమీటర్ల నుంచి 10కి పెంచితే దాన్నుంచి వచ్చే వెలుతురు రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లవుతుంది. డైకి వెలుతురు పంపే ఎక్సైటేషన్ వైపూ, డై విడిచిన వెలుతురు పట్టే ఎమిషన్ వైపూ రెండూ పెంచారంటే అంకె పదహారు రెట్ల దాకా పోతుంది, అదే సీసాలో అదే డైతో. డిటెక్టర్ వోల్టేజీ కొంచెం కదిపినా అంతే, జీనాన్ దీపం పాతబడినా అంతే.

దీనికి చక్కటి మందు మీ ల్యాబ్‌లోనే ఉంది, మంచి నాణ్యత ఉన్న శుద్ధమైన నీళ్లు. క్వార్ట్జ్ క్యూవెట్‌లో (కొలతకి వాడే చిన్న చదరపు గిన్నె) నీళ్లు పోసి 350 నానోమీటర్ల దగ్గర ఎక్సైట్ చేయండి. 397 దగ్గర చిన్న శిఖరం కనిపిస్తుంది. అది ఏ మలినమూ కాదు, నీటి అణువులు చేసే రామన్ స్కాటరింగ్, అంటే వెలుతురుని రంగు కాస్త మార్చి చెదరగొట్టడం. నీళ్లు ఎక్కడైనా నీళ్లే కాబట్టి, ఆ శిఖరం ఎంత ఎత్తుంది, ఎంత వైశాల్యం ఉంది అన్నది మీ మెషిన్ ఇవాళ ఎంత సున్నితంగా ఉందో చెప్పేస్తుంది. చెరువు నీళ్లలో, నదీజలాల్లో కరిగిన సేంద్రియ పదార్థాన్ని కొలిచేవాళ్లు తమ రీడింగ్‌ని ఈ వైశాల్యంతో భాగించి రామన్ యూనిట్లలో రాస్తారు. ఇంకో పద్ధతిలో, లీటరుకి ఒక మైక్రోగ్రాము క్వినైన్ సల్ఫేట్ ఇచ్చే వెలుతురుని ఒక యూనిట్ అనుకుని దాంతో పోలుస్తారు. ఇలా రాసిన అంకెని ఫిన్లాండ్ వాళ్ల అంకె పక్కన పెట్టి చూడొచ్చు.

మన దేశంలో ఈ సంగతికి ఒక చరిత్ర కూడా ఉంది, చెప్పకుండా ఉండలేను. 1923లో రామన్ ల్యాబ్‌లో కె.ఆర్. రామనాథన్ నీళ్ల మీద పనిచేస్తుంటే ఏదో బలహీనమైన వెలుతురు కనిపించింది. మలినాల వల్ల వచ్చే ఫ్లోరెసెన్స్ అనుకున్నారు. ఎంత శుద్ధి చేసినా అది పోలేదు. అది అసలు ఫ్లోరెసెన్సే కాదని 1928లో తేలింది, 1930లో రామన్‌కి నోబెల్ వచ్చింది. అప్పుడు పని చెడగొడుతోందనుకున్న వెలుతురే ఇవాళ మన ఫ్లోరిమీటర్లకు కొలబద్ద.

వైవాలో అడిగితే ఇలా చెప్పండి: "ఇది మా మెషిన్ రీడింగ్. ఇదే సెట్టింగ్‌లో నీటి రామన్ శిఖరం ఇంత వచ్చింది, ప్రమాణంగా తీసుకున్న ద్రావణం ఇంత ఇచ్చింది." ఇక అడగడానికి వాళ్లకేమీ మిగలదు.

ప్రశ్న: ఒక డై కంటే ఇంకోటి బ్రైట్ అని కేటలాగ్‌లో రాస్తారు. ఏ లెక్కన రాస్తారు? మెరిసే ప్రోటీన్లు ఈజీఎఫ్‌పీ (పచ్చ), ఎంచెర్రీ (ఎరుపు) రెండింట్లో ఏది తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్నాను. (పీహెచ్‌డీ విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: లెక్క సులువే. అణువు ఎంత బలంగా వెలుతురు పీల్చుకుంటుందో చెప్పేది మోలార్ ఎక్స్‌టింక్షన్ కోఎఫిషియెంట్. పీల్చుకున్న ఫోటాన్లలో ఎంత వంతు తిరిగిస్తుందో చెప్పేది క్వాంటమ్ యీల్డ్. ఈ రెండూ గుణిస్తే వచ్చేదే ప్రకాశం. ఈజీఎఫ్‌పీకి ఇవి సుమారు 56,000, 0.60. గుణిస్తే 33,600. ఎంచెర్రీకి 72,000, 0.22. గుణిస్తే 15,800 చిల్లర. ఎంచెర్రీ ఎక్కువ పీల్చుకుంటుంది కానీ తిరిగిచ్చేది తక్కువ, అందుకే మొత్తం మీద సగం కూడా రాదు. ఆర్-ఫైకోఎరిత్రిన్ అనే ఎర్ర నాచు ప్రోటీన్‌కి మొదటి అంకె దాదాపు 20 లక్షలు, రెండోది 0.8 పైన, అంటే ఈజీఎఫ్‌పీకి నలభై రెట్లకు పైనే. దాని బరువు మాత్రం 2,40,000 డాల్టన్లు. అంత పెద్దదాన్ని మీ ప్రోటీన్‌కి అతికిస్తే మీ ప్రోటీన్ పని మీ ప్రోటీన్ చేసుకోగలదా అన్నది వేరే ప్రశ్న.

కేటలాగ్ అంకెని గుడ్డిగా నమ్మకండి అని చెప్పడానికి గట్టి కారణాలే ఉన్నాయి. మొదటిది, ఆ ఎక్స్‌టింక్షన్ శిఖరం దగ్గరిది. మీ మైక్రోస్కోప్‌లో 488 లేజర్ మాత్రమే ఉంటే అది ఈజీఎఫ్‌పీకి సరిగ్గా సరిపోతుంది, 587 దగ్గర పీల్చుకునే ఎంచెర్రీకి దాదాపు పనికిరాదు. అప్పుడు పైన వేసిన లెక్కంతా వృథా. రెండోది, పీహెచ్. ఈజీఎఫ్‌పీ పీకేఏ, అంటే దాని వెలుగు సగానికి పడిపోయే పీహెచ్, 6 దగ్గర ఉంటుంది, అందుకే లైసోజోముల్లాంటి ఆమ్లపు చోట్లలో దాని వెలుగు చాలావరకు పోతుంది. ఎంచెర్రీ అక్కడ కూడా నిలబడుతుంది. మీ ప్రోటీన్ లైసోజోముకి వెళ్లేదైతే కాగితం మీద సగం ప్రకాశం ఉన్న ఎంచెర్రీయే మీకు ఎక్కువ కనిపిస్తుంది. ఇవి కాక కణంలో ప్రోటీన్ ఎంత త్వరగా పక్వమవుతుంది, లేజర్ కింద ఎంతసేపటికి వెలిసిపోతుంది అన్నవి కూడా ఉన్నాయి. వీటిల్లో ఏదీ ఆ గుణకారంలో కనిపించదు.

యాంటీబాడీకి డై అతికించేవాళ్లకి కూడా ఒక మాట. ఎక్కువ డై అతికిస్తే ఎక్కువ వెలుగు వస్తుందనుకోవడం సహజం. ఫ్లోరిసిన్ విషయంలో అది కొంతవరకే నిజం. ఒక యాంటీబాడీ మీద మరీ ఎక్కువ అణువులు ఎక్కిస్తే అవి ఒకదాని వెలుగు ఒకటి తినేసి మొత్తం వెలుగు తగ్గిపోతుంది.

ప్రశ్న: మా గైడ్ కొత్త కూమరిన్ డై ఒకటి తయారుచేయించారు. దానికి క్వాంటమ్ యీల్డ్ తీయమన్నారు. మా దగ్గర ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ (అన్ని వైపులకీ పోయే వెలుగుని పట్టే గోళం) లేదు, మామూలు ఫ్లోరిమీటర్, వెలుతురు ఎంత పీల్చుకుందో కొలిచే యూవీ-విజిబుల్ మెషిన్ మాత్రమే ఉన్నాయి. ఒకసారి 0.41, ఇంకోసారి 0.58 వచ్చింది. ఎక్కడ తేడా జరుగుతోంది? (తిరుపతి)

జవాబు: స్ఫియర్ లేకపోయినా ఫర్వాలేదు, పోల్చి తీసే పద్ధతి జాగ్రత్తగా చేస్తే పేపర్‌లో వేసుకునేంత నమ్మకంగా వస్తుంది. విలువ బాగా తెలిసిన ఒక డైని పక్కన పెట్టుకుని, రెండింటినీ ఒకే రోజు, ఒకే సెట్టింగ్‌లో, ఒకే ఎక్సైటేషన్ తరంగదైర్ఘ్యం దగ్గర కొలిచి నిష్పత్తి తీయాలి.

మీది కూమరిన్ కాబట్టి నీలంలోనే మెరుస్తుంది. దానికి తగిన ప్రమాణం క్వినైన్ సల్ఫేట్. 0.1 మోలార్ పెర్‌క్లోరిక్ ఆమ్లంలో దాని విలువ 0.59-0.60. గంధకికామ్లంలో 0.55 దగ్గర. ఇక్కడే చాలా థీసిస్‌లు పక్కదారి పడతాయి, ద్రావణం ఒకటి వాడి విలువ ఇంకోదానిది రాస్తారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం జోలికి మాత్రం అసలు పోకండి, క్లోరైడ్ క్వినైన్ వెలుగుని చంపేస్తుంది. పచ్చ డైలకు 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో ఫ్లోరిసిన్ తీసుకుంటారు. దాని విలువ కూడా ఏ పేపర్ చూస్తున్నారన్నదాన్ని బట్టి 0.89 దగ్గర్నుంచి 0.95 దాకా కనిపిస్తుంది. అందుకే "ఫ్లోరిసిన్‌తో పోల్చాం" అని ఆపేయకుండా, ఏ విలువ తీసుకున్నారో కూడా రాయాలి.

ఇప్పుడు మీ 0.41, 0.58 సంగతికి వద్దాం. నా అనుమానం మొట్టమొదట గాఢత మీదకే పోతుంది. క్యూవెట్ అడ్డంగా ఒక సెంటీమీటర్ ఉంటుంది, డిటెక్టర్ చూసేది దాని నడిమి భాగాన్ని. మీ ద్రావణం అబ్జార్బెన్స్ (వెలుతురుని ఎంత పీల్చుకుంటుందో చెప్పే కొలత) 0.1 అనుకోండి, వెలుతురు నడిమికి చేరేసరికి 89 శాతం మిగులుతుంది. 0.3 అయితే 71 శాతం. 1 అయితే 32 శాతమే. అంటే ద్రావణం చిక్కగా ఉంటే డై మెరవడం లేదని కాదు, వెలుతురు నడిమి దాకా రాకముందే ముందు వరసలోని అణువులు మింగేస్తున్నాయి. ఇన్నర్ ఫిల్టర్ ఎఫెక్ట్ అనేది ఇదే. కాబట్టి ఎక్సైటేషన్ దగ్గరా అంతకంటే ఎక్కువ తరంగదైర్ఘ్యాల దగ్గరా అబ్జార్బెన్స్ 0.1 దాటకూడదు. ఒక్క గాఢత దగ్గర కొలిచి ఊరుకోకండి. 0.02 నుంచి 0.1 మధ్యలో ఐదారు ద్రావణాలు చేసి, అడ్డంగా అబ్జార్బెన్స్, నిలువుగా ఎమిషన్ మొత్తం వైశాల్యం వేసి గీత గీయండి. గీత సున్నా గుండా తిన్నగా పోవాలి. పైన వంగిందంటే గాఢత ఎక్కువైంది. సున్నాని తప్పించుకుని పోతోందంటే బ్లాంక్ (డై లేని ఉత్త ద్రావకం రీడింగ్) సరిగ్గా తీసేయలేదు. మీ డై గీత వాలుని ప్రమాణం గీత వాలుతో భాగించి, ప్రమాణం విలువతో గుణించాలి.

రెండు ద్రావకాలు వేరైతే వక్రీభవన గుణకాల నిష్పత్తిని వర్గం చేసి దాంతో కూడా గుణించాలి. మీ డై ఇథనాల్‌లో ఉండి ప్రమాణం నీళ్లలో ఉంటే 1.361ని 1.333తో భాగించి వర్గం చేస్తే 1.04 వస్తుంది. ఇది మర్చిపోతే నాలుగు శాతం పోయినట్టే.

తర్వాత చూడాల్సింది ఉష్ణోగ్రత. రోడమిన్ బి వంటి డైలు డిగ్రీకి దాదాపు రెండు శాతం చొప్పున వెలుగు కోల్పోతాయి. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగిన ల్యాబ్‌లో 35 డిగ్రీల దగ్గర కొలిచి, 25 దగ్గర కొలిచినదానితో పోలిస్తే ఐదో వంతు తేడా అక్కడే వచ్చేస్తుంది. క్యూవెట్ హోల్డర్‌కి నీళ్లు తిరిగే గొట్టాలుంటాయి, వాటికి సర్క్యులేటర్ తగిలించండి, దుమ్ము పట్టి పక్కన పడి ఉంటే తుడిచి వాడండి. క్యూవెట్‌ని డిటర్జెంట్‌తో కడిగారా? బట్టలు తెల్లగా కనిపించడానికి డిటర్జెంట్లలో కలిపే బ్రైటెనర్లు నీలంగా మెరుస్తాయి, సరిగ్గా మీ కూమరిన్ మెరిసే చోటే. ప్లాస్టిక్ క్యూవెట్ యూవీలో పనికిరాదు. క్వార్ట్జ్‌ది అయినా వేలిముద్రలు పడకుండా పై అంచు దగ్గర పట్టుకోవాలి.

ఆఖరిది, స్పెక్ట్రల్ కరెక్షన్. డిటెక్టర్ నీలాన్ని చూసినంత బాగా ఎరుపుని చూడలేదు. ప్రమాణం నీలంలో, మీ డై ఎరుపులో మెరుస్తుంటే ఆ తేడా మొత్తం మీ డై ఖాతాలో పడుతుంది. జర్మనీలోని బామ్ సంస్థ ఎఫ్001 నుంచి ఎఫ్005 దాకా ఐదు డైల కిట్ ఇస్తుంది, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ దగ్గర ఇదే పనికి గాజు ముక్కలు దొరుకుతాయి. వాటితో మెషిన్‌ని సరిచేసుకోవచ్చు. డబ్బు లేకపోతే మీ డై మెరిసే చోటే మెరిసే ప్రమాణాన్ని ఎంచుకోండి, చాలావరకు గండం గడుస్తుంది.

ప్రశ్న: కొవిడ్ అప్పటి మా నాన్నగారి రిపోర్టు మొన్న ఫైల్లో కనిపించింది. సీటీ వాల్యూ 18 అని ఉంది. అది కూడా ఫ్లోరెసెన్సేనట కదా, తక్కువ అంకె అంటే తక్కువ వెలుగా? (విజయవాడ)

జవాబు: కాదండీ. ఆర్టీ-పీసీఆర్ పరీక్షలో వైరస్ జన్యుపదార్థాన్ని సైకిల్ తర్వాత సైకిల్‌గా కాపీ చేస్తూ పోతారు, వెలుగు నిర్ణీత గీత దాటడానికి ఎన్ని సైకిళ్లు పట్టిందో చెప్పే అంకె అది. వైరస్ జన్యుపదార్థం ఎక్కువ ఉంటే తొందరగా దాటుతుంది, కాబట్టి అంకె తక్కువ. అంతా సవ్యంగా జరిగితే ప్రతి సైకిల్‌కీ రెట్టింపవుతుంది కాబట్టి 3.3 సైకిళ్ల తేడా అంటే పది రెట్ల తేడా. అయితే స్వాబ్ తీసిన తీరు, కిట్, మెషిన్, గీత ఎక్కడ పెట్టారన్నది, ఇవన్నీ ఆ అంకెని మారుస్తాయి, అందుకే ఒక ల్యాబ్ 18ని ఇంకో ల్యాబ్ 22తో పోల్చకూడదు. ఒకే మెషిన్‌లో శాంపిల్ పోసే ఒక గుంటకీ ఇంకో గుంటకీ వచ్చే తేడాని సరిచేయడానికి చాలా మెషిన్లలో రాక్స్ అనే ఇంకో డైని అన్నిట్లో సమానంగా వేస్తారు. వైరస్ ఉన్నా లేకపోయినా దాని వెలుగు మారదు. అసలు డై వెలుగుని దాంతో భాగించి చూస్తారు.

ప్రశ్న: నేను టీబీ మైక్రోస్కోపీ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఎల్ఈడీ మైక్రోస్కోప్‌లో ఆరమిన్ (టీబీ క్రిముల్ని మెరిపించే డై) స్లైడ్లు కొన్ని రోజులు బాగా మెరుస్తాయి, కొన్ని రోజులు మసగ్గా ఉంటాయి. వెలుగుని కొలిచే మీటర్ ఏదైనా పెట్టుకోవాలా? (వరంగల్)

జవాబు: అక్కర్లేదు. మీరు లెక్కపెట్టేది బాసిల్లైని (టీబీ క్రిముల్ని), వెలుగుని కాదు. మీకు కావాల్సిందల్లా రోజూ నమ్మకమైన కంట్రోల్. స్టెయినింగ్ చేసే ప్రతి బ్యాచ్‌తోనూ పాజిటివ్ అని ఖాయంగా తెలిసిన స్లైడ్ ఒకటి, నెగటివ్ ఒకటి కలిపి చేయండి, ముందు వాటినే చూడండి. పాజిటివ్ మెరవకపోతే ఆ బ్యాచ్‌లోని నెగటివ్‌లు ఏవీ నెగటివ్‌లు కావు, మళ్లీ చేయాల్సిందే. ఎంత రద్దీ ఉన్నా ఇక్కడ సర్దుకోవద్దు, ఆ స్లైడ్ వెనక ఒక మనిషి మందులు మొదలవడం ఉంది.

మసకకి నాకు తోచే కారణాల్లో మొదటిది పర్మాంగనేట్. నేపథ్యపు వెలుగుని అణచడానికి వేసే దాన్ని ఎక్కువసేపు ఉంచితే, ఆ వెలుగుతో పాటు బాసిల్లై వెలుగు కూడా అణిగిపోతుంది. టైమర్ పెట్టుకోండి, అందాజాగా వద్దు. రెండు, ఆరమిన్ ద్రావణం ముదురు రంగు సీసాలో, చీకట్లో ఉందా? మూడు, స్టెయిన్ చేసిన స్లైడ్లు కిటికీ పక్కన ట్రేలో ఉన్నాయా? ఆరమిన్ వెలుతురికి వెలిసిపోతుంది, స్లైడ్ పెట్టెలో మూతపెట్టి ఉంచి 24 గంటల్లోపు చూసేయాలి. దీపాన్ని మాత్రం త్వరగా అనుమానించకండి, పాత పాదరసం దీపాలు 200 గంటలకే అయిపోయేవి కానీ ఎల్ఈడీలు పదివేల గంటలు దాటి వస్తాయి.

ప్రశ్న: హ్యూస్టన్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మా ఫ్లో సైటోమీటర్ (కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పోనిచ్చి వెలుగు కొలిచేది) పాతది తీసేసి కొత్తది పెట్టారు. అవే కణాలు, అవే యాంటీబాడీలు, కానీ సగటు ఫ్లోరెసెన్స్ అంకెలు ఎక్కడికో పోయాయి. రెండేళ్ల డేటా కొత్తదానితో ఎలా కలపాలి? (టెక్సాస్)

జవాబు: పాత మెషిన్‌లో ప్రతిసారీ కాలిబ్రేషన్ బీడ్స్ (వెలుగు విలువ తెలిసిన చిన్న పూసలు) నడిపి ఉంటే కలపొచ్చు. నడపకపోతే, మీ ఫ్రీజర్‌లో దాచిన అప్పటి కణాలు ఉంటే తప్ప, కలపలేం. నిక్కచ్చిగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి, దీంట్లో మధ్యే మార్గం లేదు.

ఇకముందు చేయాల్సింది చెబుతాను. అంకెల్ని మెషిన్ యూనిట్లలో కాకుండా అణువుల లెక్కలో రాసే పద్ధతి ఉంది, మెస్ఫ్ అంటారు. ఒక బీడ్ ఇచ్చే వెలుగు, ద్రావణంలో స్వేచ్ఛగా ఉన్న ఎన్ని డై అణువుల వెలుగుకి సమానమో ఆ లెక్క. తక్కువ నుంచి ఎక్కువ దాకా విలువలు రాసి ఉన్న బీడ్స్ కొన్ని రకాలు నడిపి, వాటి విలువకీ మీ మెషిన్ చూపించిన అంకెకీ గీత గీస్తే, కణాల అంకెల్ని ఆ గీత మీదుగా మార్చుకోవచ్చు. వోల్టేజీ ముట్టుకుంటే మాత్రం గీత మళ్లీ గీయాల్సిందే. ఈ గొలుసుకి మొదటి కొస గట్టిగా ఉండాలని నిస్ట్ గాఢత కచ్చితంగా తేల్చిన ఫ్లోరిసిన్ ద్రావణాన్ని ఎస్ఆర్ఎం 1932 అని ఇచ్చింది.

రెండు చోట్ల జాగ్రత్త. బీడ్ మీద ఉన్న డై, మీ యాంటీబాడీ మీద ఉన్న డై ఒకటే అయితేనే మెస్ఫ్ అనాలి. వేరైతే ఈఆర్ఎఫ్ అని ఇంకో యూనిట్ ఉంది, ఫలానా లేజర్‌కి, ఫలానా ఫిల్టర్‌కి ఈ బీడ్ ఇన్ని రిఫరెన్స్ డై అణువులతో సమానం అని. రెండోది, మెస్ఫ్ తెలిసినంత మాత్రాన కణం మీద ఎన్ని యాంటీబాడీలు ఉన్నాయో తెలిసినట్టు కాదు. ఫ్లోరిసిన్ అయితే ఒక్కో యాంటీబాడీ మీద రెండో నాలుగో ఆరో ఉంటాయి, పైగా అతికాక వాటి వెలుగు మారుతుంది. లెక్క కావాలంటే ఫైకోఎరిత్రిన్ మేలు. అంత పెద్ద ప్రోటీన్ కాబట్టి యాంటీబాడీకి ఒకటి చొప్పున అతికించి శుద్ధి చేసినవి దొరుకుతాయి. అప్పుడు డైల లెక్కే యాంటీబాడీల లెక్క. చివర్లో సరిచూసుకోవడానికి ఆరోగ్యవంతుల సీడీ4 టీ కణాలను కూడా నడపండి. వాటి మీద సీడీ4 ప్రోటీన్ సంఖ్య మనిషికీ మనిషికీ పెద్దగా మారదు కాబట్టి చాలా ల్యాబ్‌లు దాన్ని జీవమున్న ప్రమాణంలా వాడతాయి.

ప్రశ్న: కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ ఫోటోల్లో సోమవారం తీసినవి, శుక్రవారం తీసినవి పోల్చొచ్చా? (బెంగళూరు)

జవాబు: ఆటో ఎక్స్‌పోజర్ వాడితే పోల్చకూడదు. లేజర్ పవర్ శాతం, గెయిన్, పిన్‌హోల్, ఎక్స్‌పోజర్ అన్నీ రాసుకుని అలాగే పెట్టినా, 10 శాతం అని స్క్రీన్ మీద ఉన్న లేజర్ నిజంగా అంతే ఇస్తోందని లేదు. పవర్ మీటర్‌తో ఆబ్జెక్టివ్ దగ్గర కొలవండి. గాఢమైన ఫ్లోరిసిన్ చుక్క కవర్‌స్లిప్ కింద పెట్టి ఫోటో తీస్తే నడుమకీ మూలలకీ వెలుగు ఎంత తేడాగా పడుతోందో కళ్లముందే కనిపిస్తుంది. 12 బిట్ ఫోటోలో గరిష్ఠ విలువ 4095 తగిలిన పిక్సెళ్లు ఉంటే ఆ ఫోటోని కొలతకి వాడకండి, అక్కడ నిజం ఎంతో ఎవరికీ తెలియదు.

ప్రశ్న: మా జడ్పీ హైస్కూల్ పిల్లలకి ఇది చూపించడం ఎలా? ల్యాబ్‌లో ఏమీ లేదు. (సైన్స్ టీచర్, ఒంగోలు)

జవాబు: సూపర్ మార్కెట్లో టానిక్ వాటర్ ఒక సీసా, నోట్లు చూసే చిన్న యూవీ టార్చ్ ఒకటి కొనండి, చాలు. కొనేముందు సీసా మీద క్వినైన్ అని ఉందో లేదో చూడండి. చీకటి గదిలో గాజు గ్లాసులో పోసి టార్చ్ వేస్తే నీలంగా మెరుస్తుంది. 1845లో జాన్ హెర్షెల్ క్వినైన్ ద్రావణంలో చూసి రాసింది ఈ నీలాన్నే. ఇప్పుడు రెండు గ్లాసుల్లో సమానంగా పోసి, ఒకదాంట్లో చెంచాడు ఉప్పు వేసి కలపండి. నురగ తగ్గాక చూస్తే ఉప్పు వేసిన గ్లాసు మసకబారి ఉంటుంది. క్వినైన్ ఎక్కడికీ పోలేదు, ఉప్పులోని క్లోరైడ్ దాని వెలుగుని ఆపింది. ఎంత తగ్గిందో పిల్లల్నే చెప్పమనండి, తలా ఒకటి చెబుతారు. అప్పుడు ఉప్పు వేయని టానిక్ వాటర్‌ని సగానికి, పావుకి, ఎనిమిదో వంతుకి నీళ్లతో పలచన చేసి వరసగా పెట్టి, ఉప్పు గ్లాసు వెలుగు దేనికి దగ్గరగా ఉందో చూడమనండి. సమాధానాలు ఒక దారికొస్తాయి. టార్చ్ ఎవరి కళ్లలోకీ వేయకుండా చూసుకోండి, ఇది మాత్రం గట్టిగా చెప్పాలి.

ప్రశ్న: మా డిపార్ట్‌మెంట్ అల్మారాలో ఏనాటిదో ఫ్లోరిసిన్ సీసా ఉంది. ప్రమాణంగా వాడొచ్చా? (విశాఖపట్నం)

జవాబు: ముందు లేబుల్ మీద ఏ ఫ్లోరిసిన్ అని ఉందో చదవండి. ఉత్త ఫ్లోరిసిన్ అణుభారం 332.3, దాని డైసోడియం లవణానిది 376.3. ఒకటనుకుని ఇంకోటి తూస్తే 13 శాతం తేడా తూకం దగ్గరే మొదలవుతుంది. ఎఫ్ఐటీసీ అని ఉంటే అది ఇంకో పదార్థం, 389.4. డై కంటెంట్ అని శాతం రాసి ఉంటే అది కూడా లెక్కలోకి రావాలి. పైగా లవణం గాలిలోని తేమ పీల్చుకుంటుంది, మన సముద్రం ఒడ్డున ఏళ్ల తరబడి మూత వదులుగా ఉన్న సీసాలో ఎంత డై, ఎంత నీళ్లు ఉన్నాయో తూకం చెప్పలేదు. అందుకే తూకాన్ని నమ్మకుండా 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, 490 దగ్గర అబ్జార్బెన్స్ చూసి గాఢత కట్టండి. ఉత్త డిస్టిల్డ్ వాటర్ వద్దు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి దాని పీహెచ్ 6 కంటే కిందకి దిగి ఉంటుంది, అక్కడ ఫ్లోరిసిన్ సగం కూడా మెరవదు. తర్వాత ఎక్సైటేషన్ స్పెక్ట్రమ్ తీసి అబ్జార్ప్షన్ స్పెక్ట్రమ్ మీద పరిచి చూడండి. రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటే సీసా ఉంచుకోండి, లేకపోతే కొత్తది ఆర్డర్ పెట్టి పాతదాని మీద "స్టాండర్డ్‌కి వాడరాదు" అని మార్కర్‌తో రాసేయండి.